కాగితం అడిగే చట్టం, కులం అడిగే సమాజం

సెలవులకు ఊరెళ్లి తిరిగొచ్చే విద్యార్థులు పుస్తకాలతో పాటు ఇంటి నుంచి కొన్ని ప్రశ్నలనూ మోసుకొస్తారు. తరగతి ముగిశాక అందరూ వెళ్లేదాకా ఆగి, "సార్, ఒక మాట" అంటూ దగ్గరికొస్తారు. పదిహేనేళ్లుగా వింటున్న ఆ ప్రశ్నలన్నిటినీ గుదిగుచ్చితే ప్రధానంగా మూడు తేలతాయి. మా తాతకు ప్రభుత్వం ఇచ్చిన రెండెకరాలను నాన్న అప్పు కింద రాసిచ్చేశాడు, అది మళ్లీ మాకు వస్తుందా? మా ఇంటి ఓనరు వారంలోగా ఖాళీ చేయమంటున్నాడు, అడ్వాన్సు కూడా ఇవ్వనంటున్నాడు, అలా చేయవచ్చా? మిరపకోతకు వెళ్తూ ట్రాక్టరు బోల్తాపడి పెద్దమ్మ చనిపోయింది, బీమా కంపెనీ తనకు సంబంధం లేదంటోంది, ఇక మాకు దిక్కెవరు?

న్యాయశాస్త్ర గ్రంథాల్లో ఇవి మూడు వేర్వేరు అధ్యాయాలు. ఒకటి ఆస్తి బదలాయింపు, రెండోది అద్దె సంబంధాలు, మూడోది ప్రమాద బాధ్యత. మూడింటిలోనూ కులం ఊసు దాదాపు కనిపించదు. యజమాని, కౌలుదారు, కిరాయిదారు, క్షతగాత్రుడు అనే మాటలే తప్ప వాళ్లు ఏ వాడ నుంచి వచ్చారన్నది చట్టానికి అనవసరం. సూత్రప్రాయంగా ఇది సమానత్వమే. కానీ చట్టం అడిగే కాగితం ఎవరి పెట్టెలో ఉంది, ఎవరి పెట్టెలో లేదు అన్నది మాత్రం తరతరాల కులవ్యవస్థ నిర్ణయించిన విషయం. అందుకే ఒకే ప్రశ్నకు ఊళ్లో ఒక జవాబు, వాడలో మరో జవాబు వస్తోంది.

మొదట భూమి సంగతి. తెలుగు నేలపై దళిత కుటుంబాల చేతికి వచ్చిన భూమిలో పెద్దభాగం కొన్నదీ కాదు, వారసత్వంగా దక్కిందీ కాదు. ప్రభుత్వం అసైన్ చేసినది. ఆంధ్ర ప్రాంతంలో డి-పట్టా అనీ, తెలంగాణలో లావణి పట్టా అనీ పిలిచే ఆ కాగితంపై అనుభవించే హక్కు ఉంటుంది గానీ అమ్మే హక్కు ఉండదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977లో వచ్చిన అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ఈ విషయాన్ని నిర్ద్వంద్వంగా చెప్పింది. భూమిలేని నిరుపేదకు ఇచ్చిన అసైన్డ్ భూమిని అమ్మినా, దానంగా ఇచ్చినా, కౌలుకు ఇచ్చినా ఆ లావాదేవీ చెల్లదు. బ్యాంకుకూ, సహకార సంఘానికీ తాకట్టు పెట్టుకునే వెసులుబాటు మాత్రం ఉంది.

ఈ చట్టంలో చాలామందికి తెలియని అంశం ఒకటుంది. అమ్మినవాడు తప్పు చేశాడు కాబట్టి ఇక నోరెత్తే అర్హత లేదని ఊరి పెద్దలు చెబుతారు. అమ్మినవాడి కొడుకూ అదే నమ్ముతాడు. చట్టం చెప్పేది మరొకటి. బదలాయింపు చెల్లదు కనుక తహశీల్దారు నోటీసు ఇచ్చి కొనుగోలుదారును ఖాళీ చేయించి, భూమిని మొదటి లబ్ధిదారుకు లేదా అతని వారసులకు తిరిగి అప్పగించవచ్చు. అలా తిరిగి పొందిన భూమిని రెండోసారి అమ్ముకుంటే మాత్రం ఆ రక్షణ ఉండదు. ఈ నిబంధన పుట్టింది అమ్మినవాణ్ణి శిక్షించడానికి కాదు. పెళ్లికో, ఆస్పత్రికో, కరువుకో పుట్టిన అప్పు కింద తెల్లకాగితం మీద వేలిముద్ర వేసినవాణ్ణి కాపాడటానికి. 1977 చట్టం అమల్లోకి రాకముందే సద్బుద్ధితో, ప్రతిఫలం చెల్లించి కొన్న నిరుపేదకు మాత్రమే మినహాయింపు దక్కింది.

అయితే ఒక జాగ్రత్త అవసరం. ప్రభుత్వం ఇచ్చిన ప్రతి పట్టా నిషేధం కిందికి రాదు. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18వ తేదీకి ముందు, తెలంగాణలో 1958 జూలై 25వ తేదీకి ముందు ఇచ్చిన పట్టాల్లో సాధారణంగా అమ్మకూడదన్న షరతు ఉండేది కాదు. కాబట్టి తాత పట్టాపై ఉన్న తేదీని, షరతులను చూడకుండా ఎవరి మాటా నమ్మకూడదు. ఆ తేదీ తెలియక కొందరు పూర్తిహక్కు ఉన్న భూమిని నిషేధిత జాబితాలో చూసుకుని ఏళ్ల తరబడి కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నారు. మరికొందరు చెల్లని అమ్మకాన్ని చెల్లిందనుకుని తమ భూమిలోనే కూలికి వెళుతున్నారు.

నష్టపరిహారం విషయంలోనూ ఇదే అజ్ఞానం దళితుల పాలిట శాపమైంది. రోడ్డుకో, పరిశ్రమకో భూమి తీసుకునేటప్పుడు పక్కనున్న పట్టా భూమికి మార్కెట్ ధర కట్టి, అసైన్డ్ భూమికి ఎక్స్‌గ్రేషియా పేరిట ఎంతో కొంత విదిలించడం దశాబ్దాల పాటు సాగింది. షరతు ఉల్లంఘించని లబ్ధిదారుకు భూయజమానితో సమానంగా మార్కెట్ విలువ చెల్లించాల్సిందేనని 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ తీర్పు వచ్చి రెండు దశాబ్దాలు దాటినా, అధికారులు ముందుకు తోసే సమ్మతి పత్రంపై సంతకం చేసేముందు దాని గురించి అడిగేవారు ఎందరు?

దౌర్జన్యంగా లాక్కున్న సందర్భంలో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. 2015 సవరణ తరువాత సెక్షన్ 3(1)లోని ఎఫ్, జి క్లాజుల కింద, దళితుల ఆధీనంలోని లేదా వారికి కేటాయించిన భూమిని అక్రమంగా ఆక్రమించడం, సాగుచేయడం, పంట ధ్వంసం చేయడం, నీటి హక్కుకు అడ్డుతగలడం నేరాలు. ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. కానీ బాధితుడు దళితుడైనంత మాత్రాన ప్రతి ఆస్తి తగాదా ఈ చట్టం కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టం చేసింది. ఆ తీర్పును పోలీసు స్టేషన్లు ఇప్పుడు తలుపు వేయడానికి గడియలా వాడుతున్నాయి. 'ఇది సివిల్ తగాదా, కోర్టుకెళ్లండి' అన్న ఒక్క మాటతో ఫిర్యాదుదారు వెనుదిరుగుతాడు. పట్టా నకలు, పహాణీ లేదా అడంగల్, పంట సాగుచేసిన ఆధారం ఉన్న ఫిర్యాదును అంత తేలిగ్గా పక్కన పెట్టలేరు. తెలంగాణలో 2020లో వచ్చిన ధరణి పోర్టల్‌లో అనుభవదారు కాలమ్‌ను ఎత్తివేసినప్పుడు జరిగిన అసలు నష్టం ఇదే. ఎవరు దున్నుతున్నారో చెప్పే సాక్ష్యం రికార్డు నుంచి మాయమైంది. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఆ కాలంలో కోల్పోయిన సాక్ష్యాన్ని అది ఎంతవరకు తిరిగి తెస్తుందో దానితోనే దాని విలువ తేలుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో సమస్య మరో రూపం దాల్చింది. 2023లో చేసిన సవరణ, అసైన్ చేసి 20 ఏళ్లు నిండిన వ్యవసాయ భూములపై లబ్ధిదారులకు పూర్తి హక్కు కట్టబెట్టింది. 2024లో ప్రభుత్వం మారాక, అక్రమాలు జరిగాయన్న ఆరోపణలపై ఆ భూముల రిజిస్ట్రేషన్లను నిలిపివేసి విచారణ చేపట్టారు. ఇక్కడ రెండు వాదనలూ వినదగినవే. దళితుడు తన భూమిని శాశ్వతంగా అమ్ముకోలేకపోవడం అతణ్ణి ఎన్నటికీ మైనరుగా చూడటమే అన్నది ఒక వాదన. అమ్మే హక్కు ఇచ్చిన మరునాడే అప్పులవాడు గుమ్మంలో నిలబడతాడన్నది రెండోది. నా దృష్టిలో పరిష్కారం ఈ రెండింటి నడుమ ఉంది. అమ్మక తప్పని కుటుంబం నుంచి ఎస్సీ కార్పొరేషనే మార్కెట్ ధరకు కొని, భూమిలేని మరో దళిత కుటుంబానికి ఇవ్వాలి. అప్పుడు అమ్మేవాడికి గౌరవమైన ధర, వాడకు భూమి రెండూ దక్కుతాయి.

ఇక ఇల్లు. పల్లెలో వాడ ఎక్కడుందో అందరికీ తెలుసు కనుక ఎవరూ అడగరు. పట్నంలో తెలియదు కనుక అడుగుతారు. "మీరేమిట్లు?" అన్న రెండు క్షణాల ప్రశ్న తెలుగు నగరాల్లో అద్దె ఇంటికి ప్రవేశ పరీక్ష. నేను పీహెచ్‌డీ ముగించి ఉద్యోగంలో చేరిన ఏడాది ఒక ఇంటివారు ఇంటిపేరు అడిగారు, తరువాత ఊరు అడిగారు, ఆ తరువాత ఊళ్లో మా ఇల్లు ఏ వైపున ఉంటుందని అడిగారు. మరునాడు అడ్వాన్సు తిరిగి ఇచ్చేశారు. తమ్ముడు బదిలీ మీద వస్తున్నాడట. నెల దాటాక కూడా ఆ గేటుకు టు-లెట్ బోర్డు వేలాడుతూనే ఉంది. కొలంబియాలో చదివి 1917లో బరోడా కొలువుకు వచ్చిన అంబేడ్కర్‌ను పార్సీ సత్రం నుంచి కర్రలతో వెళ్లగొట్టారు. నూరేళ్లలో కర్ర పోయి మర్యాద వచ్చింది. గది మాత్రం దొరకలేదు.

ఇలా నిరాకరించడం నేరమా? ఈ ప్రశ్నకు 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టంలో జవాబు ఉందని న్యాయ విద్యార్థులకు కూడా తరచుగా తెలియదు. అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా నివాస గృహాన్ని నిర్మించుకోవడానికి, పొందడానికి, అందులో ఉండటానికి అడ్డంకి కల్పించడం దాని 4వ సెక్షన్ కింద నేరం. నెల నుంచి ఆర్నెల్ల వరకు జైలుశిక్ష, జరిమానా పడతాయి. అంతేకాదు, 12వ సెక్షన్ ప్రకారం ఈ చట్టం కింద నేరమయ్యే పని షెడ్యూల్డ్ కులాల వ్యక్తి విషయంలో జరిగినప్పుడు, అది అంటరానితనం వల్ల కాదని రుజువయ్యే వరకు ఆ కారణంగానే జరిగిందని కోర్టు భావించాలి. ఇంత బలమైన నిబంధన ఉండి కూడా అద్దె ఇంటి విషయంలో నిద్రాణంగా ఉండిపోయింది. దీనికి తోడు, సభ్యత్వాన్ని ఒకే మతస్థులకు పరిమితం చేసిన ఒక గృహనిర్మాణ సహకార సంఘం నిబంధనను సుప్రీంకోర్టు 2005లో సమర్థించడంతో 'మా వాళ్ల కాలనీ' అన్న ధోరణికి న్యాయపరమైన నీడ దొరికింది. కేంద్రం 2021లో రూపొందించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని చెప్పింది గానీ, కులం పేరుతో ఇల్లు నిరాకరించడం గురించి ఒక్క మాటా అనలేదు.

ఇల్లు దొరికాక ఖాళీ చేయించే ఘట్టం వస్తుంది. కిరాయిదారు కులం ఆలస్యంగా తెలిసిన ఇళ్లలో ఇది త్వరగా వస్తుంది. ఒప్పందంలో మరోలా లేకపోతే నెలవారీ అద్దెదారుకు 15 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలని ఆస్తి బదలాయింపు చట్టం 106వ సెక్షన్ చెబుతోంది. తాళం మార్చడం, నీళ్లు, కరెంటు ఆపడం, సామాను వీధిలో పెట్టడం చట్టవిరుద్ధం. అలా గెంటివేసినప్పుడు, ఇంటి యజమాని ఎవరన్న వివాదంతో నిమిత్తం లేకుండా, ఆరు నెలల్లోగా స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద స్వాధీనం తిరిగి కోరవచ్చు. ఇందుకు కావలసింది తానక్కడ ఉంటున్నట్టు సాక్ష్యం. అడ్వాన్సును, అద్దెను చేతికి ఇవ్వకుండా బ్యాంకు ద్వారానో, ఫోన్ ద్వారానో చెల్లిస్తే ఆ సాక్ష్యం దానంతట అదే తయారవుతుంది. 11 నెలల ఒప్పందానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కానీ రాత అవసరం. కులం పేరుతో దూషించినప్పుడు అది నలుగురి కంటపడే చోట జరిగిందా, నాలుగు గోడల మధ్య జరిగిందా అన్నది కీలకమవుతుందనీ గుర్తుంచుకోవాలి. గేటు ముందు, ఇరుగుపొరుగు చూస్తుండగా జరిగిన దూషణ అత్యాచారాల చట్టం కిందికి వస్తుంది. తలుపు వేసి గదిలో తిట్టిన తిట్టు రాదు. అవమానం రెండు చోట్లా ఒకటే అయినా చట్టం గీసిన గీత అది.

మూడోది ప్రమాదం. ప్రమాదానికి కులం లేదంటారు. వాహనానికి మాత్రం ఉంది. మిరపకోతల కాలంలో తెల్లవారుజామున ట్రాక్టరు ట్రాలీలో నిలబడి వెళ్లే ఆడవాళ్లు ఏ వాడల నుంచి వస్తారో ఊరందరికీ తెలుసు. ట్రాక్టరుకు ఉండే బీమా వ్యవసాయ పనికి ఉద్దేశించినది. ట్రాలీ సరుకు మోసేందుకే గాని మనుషుల్ని ఎక్కించుకునేందుకు కాదు. సరుకు వాహనంలో ఉచితంగా ప్రయాణించేవారి విషయంలో బీమా కంపెనీకి బాధ్యత లేదని సుప్రీంకోర్టు తీర్పులు ఉన్నాయి. ఫలితంగా బాధ్యత ట్రాక్టరు యజమానిపై పడుతుంది. ఆ యజమాని రేపు మళ్లీ పనికి పిలవాల్సిన రైతు. అతనిపై కేసు వేయడం కంటే పెద్దమనుషుల సమక్షంలో ఇచ్చినంత పుచ్చుకుని వేలిముద్ర వేయడమే బతుకుతెరువని కుటుంబం తలపోస్తుంది.

ఇక్కడ ఎఫ్ఐఆర్‌లో రాసే ఒక్క మాట ఆ కుటుంబ భవిష్యత్తును మార్చగలదు. 'ప్రయాణికులు' అని రాస్తే ఒక దారి. 'ఫలానా రైతు పొలంలో పనికి, అతనే ఏర్పాటు చేసిన ట్రాక్టరులో వెళ్తున్న కూలీలు' అని ఉన్నదున్నట్టు రాస్తే మరో దారి తెరుచుకుంటుంది. యంత్రాలతో సాగే వ్యవసాయ పనిలో ఉన్నవారికి ఉద్యోగుల నష్టపరిహార నిబంధనలు వర్తిస్తాయి. పనిలో భాగంగా జరిగిన ప్రమాదమని ఆ నిబంధనల కింద వాదించే అవకాశం ఏర్పడుతుంది. మోటారు వాహనాల ట్రిబ్యునల్, ఉద్యోగుల నష్టపరిహార అధికారి అనే రెండు తలుపుల్లో ఒకదాన్నే తట్టాలి. ట్రిబ్యునల్‌కు వెళ్లేవారు ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో దరఖాస్తు చేయాలన్న నిబంధన 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. దశదిన కర్మలు, ఏడాది మాసికాలు అయ్యాక చూద్దామనుకుంటే ఆ గడువు దాటిపోతుంది. ఢీకొట్టిన బండి ఏదో తెలియని కేసుల్లోనూ మరణానికి 2 లక్షలు, తీవ్రగాయానికి 50 వేల రూపాయలు చట్టం ప్రకారం వస్తాయన్నది చాలామందికి తెలియదు.

పరిహారం లెక్కలో కులం ఎలా చొరబడుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. 42 ఏళ్ల కూలీ, ఆమెపై ఆధారపడినవారు నలుగురు. సుప్రీంకోర్టు 2009, 2017 తీర్పుల్లో స్థిరపరిచిన పద్ధతి ప్రకారం ఏడాది ఆదాయానికి భవిష్యత్తు పెరుగుదల కింద 25 శాతం కలిపి, సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేసి, మిగిలినదాన్ని వయసును బట్టి 14తో గుణిస్తారు. నెలాదాయం 6 వేలని ట్రిబ్యునల్ నమ్మితే 9 లక్షల 45 వేలు. 12 వేలని నమ్మితే 18 లక్షల 90 వేలు. పోయిన ప్రాణం ఒకటే, తేడా కేవలం ఆదాయపు రుజువుది. జీతం చీటీ ఉన్నవాడి కుటుంబానికి రుజువు సిద్ధంగా ఉంటుంది. రోజుకొక పొలంలో చేసిన పనికి రశీదు ఎవరిస్తారు? ఆధారం లేనంత మాత్రాన కూలీ ఆదాయాన్ని నామమాత్రంగా లెక్కించకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. కనీస వేతనాల ఉత్తర్వు, ఉపాధిహామీ జాబ్ కార్డు, పొదుపు సంఘం పుస్తకం, పని ఇచ్చిన ఇద్దరి సాక్ష్యం, ఇవన్నీ దాఖలు చేయాలి. ఇంటిపని, పిల్లల పెంపకం, పాడి కూడా ఆదాయమేనని న్యాయవాది చేత చెప్పించాలి.

ప్రమాదం అన్న మాట అసలు వర్తించని మరణాలు కొన్నున్నాయి. సెప్టిక్ ట్యాంకులో, డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక పోయే మనుషులవి. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని అందులోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. ఈ బాధ్యత మున్సిపాలిటీకే పరిమితం కాదు. మేస్త్రీని పిలిపించి పని చెప్పిన ఇంటి యజమాని, అపార్ట్‌మెంట్ సంఘం కూడా నేరస్థులే అవుతారు. మొదటి తప్పుకు రెండేళ్ల వరకు జైలు లేదా 2 లక్షల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. ఇలా మరణించినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014లో ఆదేశించిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. శాశ్వత వైకల్యానికి కనీసం 20 లక్షలు ఇవ్వాలంది. చనిపోయినవాడు తనంతట తానే దిగాడని రాయించడానికి అదే రోజు ప్రయత్నం మొదలవుతుంది కనుక, అతణ్ణి ఎవరు పిలిచారో చెప్పే ఫోన్ రికార్డును ముందుగా భద్రపరచాలి.

ఈ మూడు ప్రశ్నల్లోనూ ఒక పోలిక కనిపిస్తుంది. దళితుడికి హక్కు ఇచ్చిన చట్టం ఉంది, ఆ హక్కును రుజువు చేసే కాగితం లేదు. ఆ కాగితం తయారయ్యే చోట్లన్నీ, అంటే తహశీల్దారు కార్యాలయం, ఇంటి ఓనరు వరండా, పోలీసు రైటరు బల్ల, ఇంకా కులం చెప్పుచేతల్లోనే ఉన్నాయి. ప్రభుత్వాలు చేయవలసినవి కనిపిస్తూనే ఉన్నాయి. అసైన్డ్ భూముల్లో సాగులో ఎవరున్నారో గ్రామసభలో చదివి నమోదు చేయాలి. అద్దె చట్టాల్లో కులవివక్షను పేరుపెట్టి నిషేధించాలి. కూలీలను పొలాలకు చేర్చే వాహనాలకు పంటకాలంలో సామూహిక బీమా కల్పించాలి.

అంతవరకు మన చేతిలో ఉన్నదాన్ని వాడుకోవాలి. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ ఆదాయ పరిమితితో పనిలేకుండా ఉచిత న్యాయవాది లభిస్తారు. జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవాధికార సంస్థను గానీ, 15100 నంబరును గానీ సంప్రదించవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీకి ఒప్పుకునేముందు మాత్రం లెక్క చూసుకోవాలి, ఆ అవార్డుపై అప్పీలు ఉండదు.

పెద్దమ్మ గురించి అడిగిన విద్యార్థిని ఎఫ్ఐఆర్ నకలు తెమ్మన్నాను. తెచ్చింది. అందులో 'ప్రయాణికులు' అనే ఉంది. ప్రమాదం జరిగి అప్పటికి నాలుగున్నర నెలలు. మిగిలిన నెలన్నరలో ట్రాలీలోంచి బతికి బయటపడిన ఇద్దరు ఆడవాళ్లతో ఆ ఉదయం తమను పనికి ఎవరు పిలిచారో, ట్రాక్టరు ఎవరు పంపారో న్యాయవాది ముందు చెప్పించాలని అనుకున్నాం. వాళ్లిద్దరూ అదే రైతు పొలంలో ఇప్పటికీ కూలికి వెళుతున్నారు. వారిని ఒప్పించేందుకు ఆ అమ్మాయి ఈ ఆదివారం ఊరికి వెళ్లింది.